హైమకి సహజత్వం సరిపోలేదు

మా కాలనీ నాటక సమాజానికి ఉన్నది ఒక్కటే నాటిక. పేరు 'మసకబారిన ముత్యం'. బుద్ధి ఎదగని ముత్యాలు అనే పదహారేళ్ళ కుర్రాడు, వాణ్ణి చూసి ఏడ్చే తల్లి, పెదవి విరిచే డాక్టరు, ఆఖర్న వచ్చి మూడు చక్రాల బండి ఇచ్చే కలెక్టరు. అంతే కథ. నిజానికి ముత్యాలుకి కాళ్ళు బాగానే ఉంటాయి. కానీ బండి ఇచ్చే చోట చప్పట్లు బాగా పడతాయని మొదటి ప్రదర్శనలోనే తేలిపోవడంతో దాన్ని ఎవరూ కదపలేదు.

ముత్యాలు వేషం పరబ్రహ్మంగారిది. సమాజానికి అధ్యక్షులూ ఆయనే. ఉద్యోగంలో చేరిన కొత్తలో మొదలుపెట్టిన ముత్యాలు, ఆయన రిటైరయ్యాక కూడా పదహారేళ్ళ దగ్గరే ఉన్నాడు. తల్లి వేషం నాది. ఆయనకంటే నేను బాగా చిన్నదాన్ని. "నువ్వు జుట్టుకి కాస్త తెలుపు రాసుకో చెల్లెమ్మా, నేను నలుపు వేసుకుంటాను" అంటారాయన మేకప్పు దగ్గర. అలా మధ్యలో ఎక్కడో తల్లీకొడుకులం అవుతాం.

తల ఒక పక్కకి వాల్చి, కుడిచెయ్యి మణికట్టు దగ్గర వంచి, పెదవి చివర్నించి సొల్లు కారుస్తూ ఆయన "అమ్మా... అన్నం" అన్నారంటే, హాల్లో ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకోవాల్సిందే. ఏ పరిషత్తు పోటీకి వెళ్ళినా ఉత్తమ నటుడు ఆయనే. వాళ్ళింట్లో గాజు బీరువా నిండిపోయాక ఆయన భార్య విశాలాక్షి అక్కయ్యగారు మిగతా షీల్డుల్ని అటకమీద పచ్చడి జాడీల పక్కన సర్దారు.

ఈ ఏడు పోటీలకి ముందు కళా సంక్షేమ మండలి నుంచి ఒక కొత్త నిబంధన వచ్చింది. పెద్ద ఊళ్ళో ఎక్కడో సదస్సు జరిగిందట. మానసిక దివ్యాంగుల తరఫున ఎవరో లేచి, "మా పాత్రలు మమ్మల్ని కూడా వెయ్యనివ్వండి" అని అడిగారట. సబబైన మాటే. అందరూ చప్పట్లు కొట్టారట. ఆ మాట అక్కణ్ణించి బయల్దేరి, ఒక్కో బల్లా దాటుకుంటూ, ఒక్కో సంతకం మోసుకుంటూ మా ఊరు చేరేసరికి 'సహజత్వ మార్గదర్శకాలు' అయింది. వాటితోపాటు ఒక అధికారి కూడా వచ్చారు.

ఆయన పేరు త్రివిక్రమరావు. హోదా, సహజత్వ పర్యవేక్షణాధికారి. రిహార్సల్సు మా ఇంటి హాల్లో జరుగుతాయి కాబట్టి అక్కడికే వచ్చి, ఫ్యాను కింద కూర్చుని, కాయితాలు ఎగిరిపోకుండా నా పంచదార డబ్బా పెట్టుకున్నారు.

"ఇందుమూలముగా తెలియజేయునదేమనగా," అన్నారు. నోటితో కూడా అలాగే అన్నారు. "ఏ పాత్రనైనను సదరు స్థితిలో వాస్తవంగా ఉన్న వ్యక్తే ధరించవలెను. కానివారు అయినట్టు నటించడం తప్పుదోవ పట్టించడం కిందికి వస్తుంది."

"నాటకం అంటే అదే కదండీ," అన్నారు పరబ్రహ్మంగారు.

"ఇప్పటివరకు జరిగినదాని మీద చర్య తీసుకునే ఉద్దేశం మండలికి లేదు. మీరు భయపడకండి," అని ఆయన మమ్మల్ని ఊరడించి, నా వైపు తిరిగారు. "మీరు వాస్తవంగా తల్లేనా మేడమ్?"

"ఒక అమ్మాయి ఉందండి."

"పాత్రకి కొడుకు కదా."

"అవునండి."

ఆయన పెన్ను గడ్డానికి ఆనించుకుని చాలాసేపు ఆలోచించారు. "సంతానంలో ఆడ, మగ తేడా ఉంది. ప్రత్యేక సడలింపు కింద అనుమతించవచ్చు," అని రాసుకున్నారు.

మా ఎదురింటి బీమా ఏజెంటు ఎన్నో ఏళ్ళుగా వేస్తున్న డాక్టరు వేషం పోయింది. దాని బదులు మా వీధి చివర క్లినిక్కు డాక్టరుగారినే బతిమాలి తెచ్చాం. ఆయన పెదవి విరవలేదు. స్టెతస్కోపు పెట్టి పరబ్రహ్మంగారి గుండె విని, బీపీ చూసి, "పిల్లాడికి ఉప్పు తగ్గించండమ్మా, ఊరగాయలు అసలొద్దు" అని నాకు చెప్పి, పేషెంట్లున్నారంటూ వెళ్ళిపోయారు. అది బాగానే ఉందని నాటికలో ఉంచేశాం.

ఇంక తేలాల్సినవి ముత్యాలు, కలెక్టరు.

"ముత్యాలు సంగతి మనింట్లోనే తేలిపోతుందేమో," అన్నారు మావారు నెమ్మదిగా. అందరి తలలూ వంటింటి గుమ్మం వైపు తిరిగాయి. అక్కడ హైమ పకోడీల పళ్ళెం పట్టుకుని నించుని ఉంది.

హైమ నా ఆడపడుచు. ముప్ఫై దాటి కొన్నేళ్ళయింది. పుట్టగానే ఊపిరి అందడం ఆలస్యమైంది. దాంతో మిగతావన్నీ ఆలస్యమయ్యాయి. చదువు రెండో తరగతితో ఆగిపోయింది. చిల్లర లెక్క తెలీదు, రోడ్డు ఒక్కతే దాటదు. కానీ ఎవరు ఎవరి పెళ్ళికి ఏ చీర కట్టుకొచ్చారో చెప్తుంది. అదే చీర ఇంకో పెళ్ళికి కట్టుకొస్తే అది కూడా అందరి ముందూ చెప్తుంది. మా అత్తగారు పోయాక మా దగ్గరే ఉంటోంది. నా కాపురంలో సగం తగువులు తనతో, మిగతా సగం తన తరఫున ఊళ్ళో వాళ్ళతో.

"హైమా, ముత్యాలు వేషం నువ్వు వెయ్యాలమ్మా," అన్నారు పరబ్రహ్మంగారు, ఆస్తి రాసిచ్చేస్తున్న గొంతుతో. "నువ్వు నటించక్కర్లేదు కూడా. ఉన్నట్టు ఉంటే చాలు."

"నాకొద్దు," అంది హైమ పళ్ళెం బల్లమీద పెడుతూ. "నేను కలెక్టరు."

అందరూ నవ్వారు. హైమ వాళ్ళు నవ్వడం అయ్యేదాకా ఆగింది.

"ముత్యాలు ఏం చేస్తాడు? అన్నం అన్నం అంటాడు. పెడితే తినడు. కలెక్టరొస్తే బంట్రోతు కేకేస్తాడు. అందరూ లేచి నించుంటారు." తర్వాత నా వైపు తిరిగి, నాకు మాత్రమే చెప్తున్నట్టు అంది. "నేనెక్కడికెళ్ళినా కూర్చో కూర్చో అంటారు వదినా. ఎవరూ లేవరు."

పకోడీలు నమిలే చప్పుడు కూడా ఆగిపోయింది. త్రివిక్రమరావుగారు మాత్రం ఇంకోటి తీసుకున్నారు.

"కలెక్టరు పాత్రకి కలెక్టరే కావాలి. ఇందులో సడలింపుకి అవకాశం లేదు."

"అయితే ముత్యాలుకి ముత్యాలే కావాలి," అంది హైమ. "నేను హైమని."

ఆ వాదన మార్గదర్శకాల్లో ఎక్కడా లేదు కాబట్టి ఆయన రాసుకోలేదు.

"ఈసారికి ఇది వెయ్యి, వచ్చే ఏడు చూద్దాం," అన్నాన్నేను.

"చూద్దాం అంటే లేదని," అంది హైమ. కానీ నా మాట కాదనలేక మర్నాడు రిహార్సలుకి వచ్చి నించుంది.

పరబ్రహ్మంగారు స్వయంగా నేర్పడం మొదలుపెట్టారు. "ఇలా చూడమ్మా. ముందు తల వాలాలి. చెయ్యి ఇలా వంకర పోవాలి. కళ్ళు పైకి. నోరు తెరిచే ఉండాలి, అసలు ముయ్యకూడదు." అంటూ ఆయన ముత్యాలైపోయారు. ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

హైమ ఆయన చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. "వదినా, ఈయనకి మెడ పట్టేసింది. నూనె వెచ్చబెట్టి తేనా?"

"కాదమ్మా. ఇది నువ్వు," అన్నారాయన వంకర నోటితోనే.

"నేనా?" హైమ నా మొహంలోకి చూసింది. "నేను నోరు మూసుకునే ఉంటాను కదా."

"వేషం కోసం తెరవాలి. ఇక్కణ్ణించి సొల్లు కారాలి."

"ఛీ, తప్పు. కారితే తుడుచుకోవాలి. అమ్మ చెప్పింది." అని భుజంమీది తువ్వాలు తీసి ఆయన గడ్డం శుభ్రంగా తుడిచింది. తుడిచి, వీపుమీద చిన్నగా తట్టింది కూడా.

త్రివిక్రమరావుగారు ఇదంతా ఆసాంతం పరిశీలించి, నమోదు చేసుకున్నది పైకి చదివారు. "సదరు అభ్యర్థినియందు సహజత్వం ఆశించిన స్థాయిలో లేదు."

మావారికి అరికాలి మంట నెత్తికెక్కింది. "అదేంటండీ. అది మా చెల్లెలు. ఇన్నేళ్ళుగా పెంచుతున్నాం, మాకు తెలీదా?"

"నిజం వేరు, సహజత్వం వేరు సార్. మీరు చెప్పేది నిజం కావచ్చు, మండలి దాన్ని కాదనదు. కానీ చూసేవారికి అలా కనిపించవద్దా? ఇటు పరబ్రహ్మంగారిలో సహజత్వం సమృద్ధిగా ఉంది, అర్హత లేదు. అటు ఈమెకి అర్హత ఉందంటున్నారు, సహజత్వం లేదు. ఈ వైరుధ్యాన్ని వైద్యమండలి మాత్రమే పరిష్కరించగలదు."

అలా ఇద్దర్నీ వైద్యమండలి ముందుకి పంపించారు.

పెద్దాసుపత్రి వరండాలో బెంచీల నిండా జనం. పరబ్రహ్మంగారు ముత్యాలు గళ్ళచొక్కా, పొట్టి లాగూ వేసుకునే వచ్చారు. వేషం నిలబెట్టుకోవాలన్న పట్టుదల ఆయన మొహంలో కనిపిస్తూనే ఉంది. పక్కన విశాలాక్షి అక్కయ్యగారు మంచినీళ్ళ సీసాతో కూర్చున్నారు. పిలుపు రాగానే ఆయన తల వాల్చి, చెయ్యి వంచి, కాళ్ళీడ్చుకుంటూ లోపలికెళ్ళి, "అమ్మా... అన్నం" అన్నారు. ముగ్గురు డాక్టర్లలో ఒకావిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"ఎప్పట్నించీ ఇలా ఉన్నారమ్మా?" అని అడిగారు పెద్ద డాక్టరుగారు.

"నాకు పెళ్ళైనప్పట్నించీ," అన్నారు అక్కయ్యగారు.

తీవ్రం, శాశ్వతం అని రాశారు.

తరవాత హైమని పిలిచారు. నేనూ వెళ్ళాను.

"ఈ రోజు ఏం వారమో చెప్పగలవా అమ్మా?"

హైమ ఆయన్ని తేరిపార చూసింది. "మంగళవారం."

"క్యాలెండరు చూశావా?"

"మీరు గడ్డం గీసుకోలేదు. మా అన్నయ్యా గీసుకోలేదు."

డాక్టరుగారు గడ్డం తడుముకున్నారు. "నీకేం అవ్వాలని ఉంది?"

"కలెక్టరు."

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "మా వాడికి ఏమీ అవ్వాలని లేదండి," అన్నారు పెద్ద డాక్టరుగారు పక్కావిడతో, దిగులుగా.

వాళ్ళు ఏం రాయబోతున్నారో నాకు అర్థమై గాభరా పడ్డాను. "అయ్యా, తను రోడ్డు ఒక్కతే దాటలేదండి."

"ఈ ఊళ్ళో రోడ్డు ఎవరు దాటగలరమ్మా."

"చిల్లర లెక్క తెలీదండి."

"ఇప్పుడు చిల్లర ఎక్కడుంది, అందరూ ఫోన్లే కదా."

హైమ సంపూర్ణ స్వస్థచిత్తురాలని రాసి, ముద్రవేసి ఇచ్చారు. మా అత్తగారు జీవితాంతం పడ్డ బెంగ ఒక పొరపాటని అలా తేలింది. హైమ ఆ ధ్రువపత్రాన్ని బొట్టుబిళ్ళల అట్టతోపాటు తన హ్యాండుబ్యాగులో దాచుకుంది.

పరబ్రహ్మంగారు మొదట పొంగిపోయారు. ఏ న్యాయనిర్ణేతలూ ఇవ్వని కితాబు వైద్యులే ఇచ్చారని, దానికి పటం కట్టించి షీల్డుల మధ్య పెట్టుకున్నారు. ఆ పటానికి మేకు కొట్టిన మర్నాడే సమాజం కార్యదర్శి వచ్చి, నియమావళి ప్రకారం బుద్ధిస్థిమితం లేనివారు అధ్యక్షులుగా ఉండరాదని, చాలా బాధగా ఉందని చెప్పి, తాళంచెవులు తీసుకెళ్ళాడు. బ్యాంకులో ఆయన సంతకం చెల్లదన్నారు. సంరక్షకురాలి సంతకం కావాలన్నారు. ఇలాంటివారికి భార్యే సంరక్షకురాలన్నారు.

"నేను నటించానండీ," అని ఆయన బ్యాంకు మేనేజరుకి చెప్పారట.

"అలాగే సార్, అలాగే," అని ఆ మేనేజరు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి ఒక చాక్లెట్టు ఇచ్చాడట.

ఆ సాయంత్రం విశాలాక్షి అక్కయ్యగారు మా ఇంటికొచ్చి, ఎన్నడూ లేనిది, కాలుమీద కాలు వేసుకుని కాఫీ తాగారు. "ఇంట్లో సున్నాలు వేసేవాళ్ళు ఏ రంగు వెయ్యాలో నన్నడిగి వెళ్ళారు చెల్లెమ్మా. పడగ్గదికి లేతగులాబి అన్నాను. ఆయనకి అదంటే పడదు. నోరు మెదపలేదు."

"పాపం అక్కయ్యగారూ."

"పాపమే. ఇంకో కాఫీ ఉందా?"

పరబ్రహ్మంగారు త్రివిక్రమరావుగారి కాళ్ళావేళ్ళా పడ్డారు. తను బాగానే ఉన్నానని ఎవరో ఒకరు రాసివ్వాలన్నారు.

"బాగానే ఉన్నాననడం కూడా వ్యాధి లక్షణాల్లో ఒకటిగా పేర్కొన్నారు," అన్నారాయన జాలిగా. "వైద్యమండలి నిర్ణయంమీద అప్పీలు వినే అధికారం కలెక్టరుగారికి మాత్రమే ఉంది. ముందు ప్రదర్శన కానివ్వండి. మీకిప్పుడు అర్హత, సహజత్వం రెండూ ఉన్నాయి. ఇలాంటి పాత్రధారి రాష్ట్రంలో ఇంకొకరు లేరు."

ప్రదర్శన నాడు టౌనుహాలు నిండిపోయింది. మొదటి గంట కొట్టారు. కలెక్టరు వేషం వేస్తానని మాటిచ్చిన కలెక్టరుగారు ఇంకా రాలేదు. వారు మంత్రిగారి పర్యటనలో ఉండి, తన బదులు వెళ్ళమని కింది అధికారికి పురమాయించారు. ఆయన తన కింది ఆయనకి చెప్పారు. ఆ కింది ఆయనకి ధాన్యం కొనుగోళ్ళ పని. ఆయన ఇంకాస్త కిందికి పంపారు. అలా జారుకుంటూ వచ్చిన ఇన్‌ఛార్జి ఉత్తర్వు రెండో గంట కొట్టే వేళకి త్రివిక్రమరావుగారి చేతిలో పడింది.

ఆయన గ్రీన్‌రూములోకి వచ్చారు. ఆయన మొహం పాలిపోయి ఉంది.

"సమస్య వచ్చింది. ఈ ఉత్తర్వు ప్రకారం ఈ క్షణాన ఇన్‌ఛార్జి కలెక్టరుని నేనే. కాబట్టి వేషం నేను వెయ్యవచ్చు. కానీ వేసేది నేను, పర్యవేక్షించేది నేను అయితే, నన్ను నేను ఎక్కణ్ణించి చూడాలి?"

"అద్దంలో చూసుకోండి," అన్నారు మావారు.

"అది నిబంధనల్లో లేదు. అయితే, అత్యవసర పరిస్థితిలో ఇన్‌ఛార్జి బాధ్యతని అక్కడున్న ఏ పెద్దవారికైనా అప్పగించవచ్చని ఇందులో ఉంది. ఒకటే షరతు. సదరు వ్యక్తి స్వస్థచిత్తులై ఉండాలి. అందుకు వైద్యమండలి ధ్రువీకరణ ఉండాలి." ఆయన మా అందరినీ కలయజూశారు. "మీలో ఎవరికుంది?"

నేను మావారి వైపు చూశాను. మావారు క్లినిక్కు డాక్టరుగారి వైపు చూశారు. డాక్టరుగారు చెప్పుల వైపు చూసుకున్నారు. మాకెవరికీ పిచ్చి లేదని ఇంతవరకు ఎవరూ రాసివ్వలేదు. అసలు ఎవరూ అడగలేదు. త్రివిక్రమరావుగారి దగ్గరా అలాంటిది లేదని ఆయన మొహమే చెప్తోంది.

"నాకుంది," అంది హైమ, హ్యాండుబ్యాగు జిప్పు తీస్తూ.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. ముద్ర మీద వేలితో రుద్ది చూశారు. ఆ గదిలో బుద్ధి సరిగ్గా ఉన్నట్టు సర్కారు ఒప్పుకున్న మనిషి ఒక్క హైమే. ఆయన మొదట గొంతు సవరించుకున్నారు, తర్వాత లేచి నించున్నారు. "బాధ్యతలు స్వీకరించండి మేడమ్," అన్నారు.

హైమ బాధ్యతలతోపాటు, పెట్టెలో మడతపెట్టి ఉన్న నా గద్వాలు చీర కావాలంది. ఇన్‌ఛార్జి కలెక్టరుతో వాదన ఎందుకని ఇచ్చేశాను.

నాటిక సాగింది. నేను ఏడ్చాను, డాక్టరుగారు ఉప్పు తగ్గించమన్నారు, పరబ్రహ్మంగారు ఇంకెప్పుడూ చెయ్యనంత బాగా చేశారు. బాధ కూడా తోడైంది కదా. ఆఖరి రంగం వచ్చింది. బంట్రోతు పాత్రకి కూడా నిజం బంట్రోతే కావాలి కాబట్టి, కచేరీ నుంచి వచ్చినాయన ఎర్ర పటకా, ఇత్తడి బిళ్ళ తళతళలాడుతూ ముందుకొచ్చి, "కలెక్టరుగారొస్తున్నారు" అని కేకేశాడు. హైమ వచ్చింది.

ముందు వరసలో త్రివిక్రమరావుగారు లేచారు. ఆయన లేచేసరికి పక్కనున్న అధికారులు, ఎందుకైనా మంచిదని, లేచారు. వాళ్ళని చూసి రెండో వరస లేచింది. అలా వెనక బాల్కనీదాకా కుర్చీలు కిర్రుమంటూ హాలంతా లేచి నించుంది.

హైమ స్టేజీ మధ్యలో ఆగిపోయింది. అక్కణ్ణించి ముత్యాలు దగ్గరికి నడవాలి. నడవలేదు. ఈ చివర్నించి ఆ చివరిదాకా అందరినీ, ఒక్కరినీ వదలకుండా చూసింది. తెర చాటు నుంచి మావారు మాట అందించడానికి, "కూర్చోండి అను హైమా, కూర్చోండి అను" అంటూనే ఉన్నారు. తన చూడ్డం పూర్తయ్యేదాకా హైమ ఎవరినీ కూర్చోమనలేదు. తర్వాత చెయ్యెత్తి, "కూర్చోండి, కూర్చోండి" అంది, మర్యాదగా.

పరబ్రహ్మంగారు పాక్కుంటూ వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర పడ్డారు. "అమ్మా... అన్నం."

"ముందు లేవండి. కాళ్ళు బాగానే ఉన్నాయిగా." హైమ మూడు చక్రాల బండి వైపు చూసింది. అది కూడా సంక్షేమ శాఖ గోదాములోంచి తెచ్చిన నిజం బండి. "ఇది మీకెందుకు?" అని హాలు వైపు తిరిగి, "ఎవరికి కాళ్ళు నెప్పులు?" అని అడిగింది.

సగం హాలు చేతులెత్తింది.

హైమ మెట్లు దిగి వెళ్ళి, చేతులెత్తినవాళ్ళని ఒక్కొక్కరినీ లేచి నడిచి చూపించమంది. అలా మూడో వరసదాకా వచ్చేసరికి, లేవలేని ముసలావిడ ఒకావిడ దొరికింది. ఆవిణ్ణి మనవలు ఎత్తుకొచ్చారట. బండి ఆవిడకి ఇచ్చేసింది. ఇచ్చినది ఇన్‌ఛార్జి కలెక్టరు కాబట్టి అది నాటకం కింద కాక పంపిణీ కిందికి వస్తుందని, త్రివిక్రమరావుగారు అక్కడికక్కడే ముసలావిడ వేలిముద్ర తీసుకున్నారు. తెర పడింది.

బహుమతుల దగ్గర న్యాయనిర్ణేతలు చాలాసేపు తర్జనభర్జన పడ్డారు. పరబ్రహ్మంగారికి మొదటిసారి బహుమతి రాలేదు. ఆయన ధ్రువీకరణ పొందిన వ్యక్తి కాబట్టి ఉన్నది ఉన్నట్టు ఉన్నారని, అది నటన అనిపించుకోదని చెప్పారు. హైమకీ ఇవ్వలేదు. ఆ సమయానికి ఆవిడ నిజంగానే ఇన్‌ఛార్జి కలెక్టరు. డాక్టరుగారు డాక్టరు, బంట్రోతు బంట్రోతు. మొత్తం నాటికలో లేనిది ఉన్నట్టు చేసింది, కొడుకు లేని తల్లిని, నేనొక్కదాన్నే. సడలింపు కింద వేసినందుకు ఉత్తమ నటి బహుమతి నాకొచ్చింది.

ఆ వారంలోనే అసలు కలెక్టరుగారికి బదిలీ అయింది. కొత్తవారింకా చేరలేదు. ఇన్‌ఛార్జి ఉత్తర్వులో 'తదుపరి ఉత్తర్వులు వెలువడువరకు' అని ఉంది. ఆ తదుపరి ఉత్తర్వులు ఇవ్వాల్సినవారు ఎవరని వెతికితే, ఇన్‌ఛార్జి కలెక్టరని తేలింది. దాంతో సోమవారం, అర్జీలు తీసుకునే రోజు, పొద్దున్నే మా ఇంటి ముందు కారు ఆగింది. హైమ అప్పటికే తలంటుకుని, టిఫిను తిని, గద్వాలు చీర కట్టుకుని సిద్ధంగా ఉంది. రోడ్డు దాటించడానికి నేనూ వెళ్ళాను.

కచేరీ హాల్లో హైమ పెద్ద కుర్చీలో కూర్చుంది. పక్కన త్రివిక్రమరావుగారు నించున్నారు. లైను మాత్రం కదలడం లేదు. ఎవరేం చెప్పినా హైమ ఆఖరిదాకా వింటోంది. ఒకాయన పొలం గట్టు తగువు చెప్పి, అది అయిపోయినా ఇంకా వింటూనే ఉందని, అలవాటు లేక, తన కూతురి పెళ్ళి సంగతులు కూడా చెప్పి కళ్ళు తుడుచుకుని వెళ్ళాడు.

అతని వెనక పరబ్రహ్మంగారు వచ్చారు. ఇస్త్రీ చొక్కా, నున్నగా గీసిన గడ్డం. సంరక్షకురాలు లేకుండా రాకూడదు కాబట్టి విశాలాక్షి అక్కయ్యగారు ఆయన చెయ్యి పట్టుకుని ఉన్నారు.

"నేను బాగానే ఉన్నానని మీరు రాసివ్వాలమ్మా," అన్నారాయన. ఎప్పుడూ 'నువ్వు' అనే మనిషి.

"మరి అప్పుడు మెడ అలా ఎందుకు పెట్టారు?"

"అది నటనమ్మా."

"ఎవర్ని చూసి చేశారు?"

ఆయన కాస్త తడబడ్డారు. "మా గురువుగారు ఆ వేషం అద్భుతంగా వేసేవారు. ఆయన్ని చూసి."

"ఆయన ఎవర్ని చూశారు?"

"వాళ్ళ గురువుగార్ని."

"ఆయనో?"

హైమ కుర్చీలో ముందుకి వంగింది. కోపంగా లేదు. పొలం గట్టు సంగతి ఎలా అడిగిందో ఇదీ అలాగే అడిగింది.

"మీరు రోజూ మా ఇంటికొస్తారు కదా. పకోడీలు నేనే ఇస్తాను కదా. నన్ను చూళ్ళేదా?"

"చూశానమ్మా," అన్నారాయన వెంటనే. తర్వాత ఆయన చెయ్యి అక్కయ్యగారి చేతిలోంచి జారింది. "లేదమ్మా. చూళ్ళేదు."

త్రివిక్రమరావుగారు వంగి, మెల్లిగా, "మేడమ్, తమరి నిర్ణయం నమోదు చెయ్యాలి," అన్నారు.

హైమ బాగా ఆలోచించింది.

"ముందు నన్ను చూసి, నేనెలా ఉంటానో చెప్పమనండి," అంది. "వచ్చే సోమవారం రండి."

"ఇంకో వారమేగా, కంగారేం లేదు," అన్నారు విశాలాక్షి అక్కయ్యగారు.

పరబ్రహ్మంగారు ఇంటికి వెళ్ళలేదు. గోడవారనున్న బల్లమీద, ఎదురుగా కనిపించే చోట కూర్చుని, మెడ నిటారుగా పెట్టి, చూడ్డం మొదలుపెట్టారు. హైమ కొంగు సర్దుకుని బంట్రోతు వైపు తిరిగింది.

"తరవాత ఎవరు?"